రెండు మిల్లీమీటర్ల డిగ్రీ

గీతల మేస్త్రి ఎవరింటికైనా వెళితే ముందు మనుషుల్ని పలకరించడు, తలుపును పలకరిస్తాడు. సగం తెరిచిన తలుపు ముందు ఒక్క క్షణం ఆగి, తల కాస్త వంచి చూసి, "నలభై రెండు" అని గొణుక్కుని, ఆ తర్వాతే లోపలికి అడుగు పెడతాడు. గోడకి చేరేసిన నిచ్చెన, కుర్చీ వీపు, బస్సులో కునుకు తీసే మనిషి వాల్చిన మెడ, ఏదీ ఆయన లెక్క తప్పించుకోలేదు. ఒకసారి ఆయన భార్య ఏదో మాటకి మూతి తిప్పితే, "ముప్పైకి తక్కువ లేదు" అన్నాడు. ఆ పూట భోజనం ఆయనే వడ్డించుకోవలసి వచ్చింది.

ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు, ముప్పై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని అలాంటిది. పిల్లల జామెట్రీ బాక్సులో అర్ధచంద్రం ఆకారంలో ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది కదా, పుస్తకాల్లో కోణమానిని అంటారు, పిల్లలు ప్రొట్రాక్టర్ అంటారు. అది తయారు కావాలంటే ముందు ఉక్కుతో ఒక అచ్చు కావాలి. ఆ అచ్చు మీద గీతలన్నీ మేస్త్రి చేత్తోనే పడాలి. డిగ్రీకొక గీత, అయిదు డిగ్రీలకొకటి పొడుగు, పదికొకటి ఇంకా పొడుగు. కంటికి భూతద్దం, చేతిలో సూదిమొన ఉలి, ముందు ఒక్కో డిగ్రీ చొప్పున జరిపే పళ్లచక్రం. వెంట్రుకవాసి తేడా వచ్చినా వారం రోజుల పనిని తీసి తుక్కులో పారేస్తాడు. యజమాని లబోదిబోమంటాడు. "ఒక్క అచ్చు తప్పితే లక్షమంది పిల్లలు తప్పుతారు" అంటాడు మేస్త్రి.

ఇంత పనిమంతుడికీ ఒక సంగతి మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. వృత్తానికి మూడొందల అరవయ్యే ఎందుకు? పని నేర్చుకునే రోజుల్లో గురువుని అడిగాడు. "గీయి, అడక్కు" అన్నాడాయన. యజమానిని అడిగితే కస్టమర్లు అదే కొంటారు కాబట్టి అన్నాడు. పాత పుస్తకాలమ్మే దుకాణంలో ఒక పుస్తకం దొరికితే, వేల ఏళ్ల కిందట ఆకాశాన్ని చూసి లెక్కలు కట్టినవాళ్లు అరవై చొప్పున లెక్కపెట్టేవారనీ, మూడొందల అరవైని సగానికీ మూడోవంతుకీ అయిదోవంతుకీ దేనికి పంచినా చిల్లర మిగలదనీ చదివాడు. బాగానే ఉందనుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే భూములు కొలిచేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఆర్డర్లో వృత్తాన్ని నాలుగొందల భాగాలు చేయమని ఉంది. లంబకోణం తొంభై కాదట, వందట. వాళ్లకి మతి పోయిందనుకుంటూనే గీసిచ్చాడు. గీస్తున్నంతసేపూ వృత్తం కిమ్మనకుండా ఊరుకుంది. అదే ఆయనకి నచ్చలేదు. మూడొందల అరవై అన్నా సరే అని, నాలుగొందలన్నా సరే అని తలూపే ఈ వృత్తానికి తనకంటూ ఒక మాట లేదా?

ఈ గొడవంతా కడుపులోనే దాచుకున్నాడు. కార్ఖానాలో ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ప్యాకింగ్ గదిలో పనిచేసే అక్కకి ఒక్కతే కూతురు. పదిహేనేళ్ల పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. బడి వదిలాక నేరుగా కార్ఖానాకి వచ్చి, తల్లి పని అయ్యేదాకా అట్టపెట్టెల దొంతర మీద కూర్చుని బ్రెయిలీలో హోంవర్క్ చేసుకుంటుంది. అందరూ ఎందుకమ్మ అని పిలుస్తారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. పది నిమిషాల పాటు ప్రశ్న వేయకుండా కూర్చుంటే, ఒంట్లో బాగాలేదేమోనని తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది.

ఒక సాయంత్రం ఆ పిల్ల నిజంగానే నోరు మెదపలేదు. తల్లి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేస్త్రి భూతద్దం తీసి పక్కన పెట్టి, "ఏమైందమ్మాయ్?" అని అడిగాడు.

"బడి నుంచి కాగితం ఇచ్చారు మేస్త్రిగారూ. పెద్ద పరీక్షలో కోణాలు కొలిచే ప్రశ్నలు దీనికి ఉండవట. మినహాయింపట. మంచిదే కదా, కష్టం తప్పిందనుకున్నాను. తీరా చూస్తే, మినహాయింపు తీసుకున్నవాళ్లు పై చదువుకి లెక్కలు తీసుకోకూడదట."

"నాకు లెక్కలే కావాలి," అంది ఎందుకమ్మ. "మిగతా పాఠాలన్నిట్లో బొమ్మ చూడండి, రంగు చూడండి అంటారు. లెక్కల్లో ఎవరూ చూడమనరు, ఆలోచించమంటారు. అదొక్కటీ తీసేస్తే నాకేం మిగులుతుంది తాతా?"

"మరి కొలుస్తానని చెప్పకపోయావా?"

"చెప్పాను. దేంతో కొలుస్తావన్నారు. డిగ్రీల్లో చెప్పాలి, రెండు డిగ్రీలకి మించి తేడా రాకూడదు. అలాంటి పరికరం తెచ్చి పరీక్షల అధికారి ముందు కొలిచి చూపిస్తే ఒప్పుకుంటారట. నెల రోజులే గడువు."

మేస్త్రి నవ్వేశాడు. తల్లికి ఒళ్లు మండింది గానీ, ఆయన నవ్వింది ధీమాతో. ప్రొట్రాక్టర్ కావాలని ఎవరి దగ్గరికి వచ్చి ఏడుస్తున్నారు వీళ్లు? "మీరు వచ్చింది ఎవరి దగ్గరికనుకున్నారు? వారం ఆగండి" అన్నాడు.

ఆ వారం రోజులూ ఆయన భార్యకి మొగుడి మొహం సరిగా కనిపించలేదు. పలుచని ఇత్తడి రేకు మీద ప్రతి డిగ్రీకీ ఒక గీత, చదునుగా కాదు, వేలికి తగిలేలా పైకి ఉబ్బి ఉండేట్టు అచ్చొత్తాడు. భూతద్దంలో చూసుకుని మురిసిపోయాడు. జన్మలో అంత చక్కని పని చేయలేదనుకున్నాడు. యజమానిని పిలిచి చూపించాడు. ప్యాకింగ్ గదిలో అందరూ చేరి ముక్కున వేలేసుకున్నారు.

ఎందుకమ్మ ఆ రేకుని ఒడిలో పెట్టుకుని అంచు వెంట చూపుడువేలు నడిపింది. ఒకసారి, ఇంకోసారి, మూడోసారి గోరుతో. తర్వాత చాలా మర్యాదగా అడిగింది.

"తాతా, ఇది దువ్వెనా?"

ఇంకోసారి అంచు మీద గోరు ఆడించింది.

"గీతలున్నాయని తెలుస్తోంది. కానీ ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. లెక్కపెట్టలేను. గరుగ్గా ఉంది, అంతే."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. కొలిచి చూసుకున్నాడు. ఆ రేకు మీద గీతకీ గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు కూడా లేదు. కంటికి అది విశాలమైన వీధి, వేలికి సందు కూడా కాదు. ముప్పై ఎనిమిదేళ్లు కళ్లతో గీసిన మనిషి, వేళ్లతో చదివే పిల్లకి కూడా కళ్ల కోసమే గీశాడు. ఇంత చిన్న విషయం తట్టనందుకు ఆయనకి నిజంగా సిగ్గేసింది. ఇంటికెళ్లి భార్యకి చెప్పి, కళ్లు మూసుకుని ఆ రేకుని తడిమి చూశాడు. ఆవిడ కూడా తడిమింది. "దువ్వెనే" అని తేల్చింది.

రెండోసారి చెక్కతో పెద్దది చేసి, అయిదు డిగ్రీలకొకటి చొప్పున ఉబ్బెత్తు గీతలు పెట్టాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ విడిగా తగులుతోంది. కానీ అంచు వంకరగా పోతుంటే వేలు జారుతుంది, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికి రావాలి. డెబ్భై ఉన్న కోణాన్ని అరవై అంది, మళ్లీ డెబ్భై అయిదంది. ఒక్కో కోణానికి అయిదేసి నిమిషాలు పట్టింది.

"స్కేలు మీదైతే ఎంత చిన్నదైనా చెప్పేస్తాను," అంది విసుగ్గా. అర సెంటీమీటరుకొక బొడిపె ఉన్న స్కేలు ఆ పిల్ల దగ్గర ఒకటో తరగతి నుంచీ ఉంది. "స్కేలు తిన్నగా ఉంటుంది కదా, నా వేలికి దారి తెలుసు. ఈ వంకర మీద పోతుంటే చీకట్లో నడిచినట్టు ఉంటుంది."

అని తనే పకపకా నవ్వింది. తల్లి నవ్వలేదు. గడువులో సగం అప్పటికే అయిపోయింది.

మేస్త్రి మూడోది ఎలా చేయాలో తెలియక తల గోక్కుంటూ కూర్చున్నాడు. "అసలీ మూడొందల అరవై ఎవరు పెట్టారు తాతా?" అని వెనకనుంచి ప్రశ్న వచ్చింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తన కడుపులో ఉన్న మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. పుస్తకంలో చదివింది చెప్పాడు. నాలుగొందల ఆర్డర్ సంగతీ చెప్పాడు.

"అయితే ఎవరిష్టం వాళ్లదన్నమాట. వృత్తాన్ని ఎవరూ అడగలేదు."

"వృత్తాన్ని ఎలా అడుగుతావే?"

ఎందుకమ్మ చెయ్యి చాపింది. తల్లి బల్ల మీదున్న ప్యాకింగ్ దారం ఉండ అడిగి పుచ్చుకుంది. చెక్క మధ్యనున్న మేకు దగ్గర దారం కొస పట్టుకుని, అంచు దాకా లాగి, అక్కడికి తుంచింది. ఆ ముక్కని అంచు వంపు మీద పరిచింది. అది అయినచోట గోరు పెట్టి, అక్కడినుంచి మళ్లీ పరిచింది, మళ్లీ పరిచింది. ఆ పిల్ల ఏం చేస్తోందో మేస్త్రికి అర్థం కాలేదు. ఊరికే పొద్దుపోక అనుకున్నాడు.

"మూడుసార్లు పట్టింది. చివర చిటికెనవేలు వెడల్పంత మిగిలింది. ఇంకోటివ్వు తాతా, చిన్నది."

మామూలు ప్లాస్టిక్ ప్రొట్రాక్టర్ ఇచ్చాడు. దాని మధ్య నుంచి అంచుకి వేరే దారం తుంచి, దాని అంచు మీద పరిచింది. అదీ మూడుసార్లే పట్టింది. చివర పెన్సిల్ మందమంత మిగిలింది.

"పెద్దదానికీ మూడు, చిన్నదానికీ మూడు. మిగిలింది కూడా దాని సైజుకి తగ్గట్టే ఉంది. ఎందుకు?"

మేస్త్రి లేచాడు. తుక్కు డ్రమ్ము మూత ఊడబీకి తెచ్చి నేల మీద పెట్టాడు. అది పూర్తి గుండ్రం. అరవై ఒక్కేళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, మధ్య నుంచి అంచుకి దారం తుంచి, మూత చుట్టూ పరుచుకుంటూ వెళ్లాడు. అర్ధానికి మూడైతే మొత్తానికి ఆరు, ఆ పైన కొంచెం ఉండాలి. ఆరుసార్లు పట్టింది. బెత్తెడు మిగిలింది. కార్ఖానాలో ఉన్న గుండ్రటి వస్తువులన్నీ ఆ సాయంత్రం దారం రుచి చూశాయి. టీ డబ్బా మూత, పళ్లచక్రం, ఆఖరికి యజమాని గోడగడియారం కూడా. గడియారం దించుతుంటే యజమాని తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ ఇద్దరి మొహాలూ చూసి ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లిపోయాడు.

ప్రతిదీ ఒకే మాట చెప్పింది. మధ్య నుంచి తన అంచుకి ఎంత దూరమో, అంచు మీద అంత దూరం నడిస్తే తిరిగేది ఎప్పుడూ ఒకే కోణం. దీన్ని ఏ గురువూ పెట్టలేదు, ఏ కస్టమరూ అడగలేదు. వృత్తం తన కొలతని తన ఒంట్లోనే పెట్టుకుని తిరుగుతోంది. మేస్త్రి ఆ ఒక్క దారం పొడవు కోణాన్ని తన రేకు మీద పెట్టి చూశాడు. యాభై ఏడు దాటింది, యాభై ఎనిమిది కాలేదు. ఆయనకి చటుక్కున గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక ఇంజనీరు, యాభై ఏడుకీ యాభై ఎనిమిదికీ మధ్య ఇక్కడో చిన్న గీత పెట్టమని ఆర్డర్ ఇచ్చాడు. ఏదో పిచ్చి అనుకుని గీసిచ్చాడు.

"నేను దీన్ని గీశానే," అన్నాడు. "ఏం గీస్తున్నానో తెలియకుండా గీశాను."

మర్నాడు ఎందుకమ్మ బడిలో లెక్కల టీచర్ని అడిగి వచ్చింది. దాని పేరు రేడియన్ అట. పై తరగతుల్లో చెబుతారట. "నేను కనిపెట్టానంటే టీచర్ నవ్వారు. నీకంటే ముందే కనిపెట్టేశారమ్మా, కానీ దారంతో పట్టుకున్న పిల్లని నిన్నే చూశానన్నారు."

"అధికారి రేడియన్లలో చెబితే ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోరట. డిగ్రీలే కావాలట."

తల్లి నిట్టూర్చింది. కానీ ఆ మాటకి మేస్త్రి డీలా పడలేదు. రాత్రంతా బుర్రలో దారం తిరుగుతూనే ఉంది, పొద్దున్నే ఒక దారి దొరికింది. దారంతో అంచుని కొలవగలిగితే, ఆ దారాన్ని తీసి తిన్నగా చాపితే, వంకర పోయి తిన్నని గీత అవుతుంది. తిన్నని గీతని చదవడం ఈ పిల్లకి వెన్నతో పెట్టిన విద్య. ఇక కావలసిందల్లా, అంచు మీద ఒక్కో డిగ్రీ పిల్ల స్కేలుకి సరిపోయేంత పొడవుండటం.

ఇన్నాళ్లూ ఎవరో ఇచ్చిన వృత్తానికి గీతల్ని సరిపెట్టాడాయన. ఇప్పుడు గీతకి వృత్తాన్ని సరిపెట్టాలి. డిగ్రీ రెండు మిల్లీమీటర్లు కావాలనుకున్నాడు. అంటే నూట ఎనభై డిగ్రీలకి ముప్పై ఆరు సెంటీమీటర్లు. ముప్పై ఆరులో మధ్య నుంచి అంచు దాకా ఉండే దారం మూడుసార్లూ, ఆ పైన కొంచెమూ పట్టాలి. భాగించాడు. పదకొండున్నర సెంటీమీటర్లకి రవ్వంత తక్కువ వచ్చింది. అంత వ్యాసార్ధంతో అరచక్రం చెక్క కోశాడు. అప్పుడు స్కేలు మీద ఒక సెంటీమీటరు అయిదు డిగ్రీలవుతుంది, ఒక్కో బొడిపె రెండున్నర డిగ్రీలు. సెంటీమీటర్లు లెక్కపెట్టి అయిదుతో గుణిస్తే చాలు, బొడిపెల మధ్య మిగిలింది వేలే అంచనా కడుతుంది.

దారం పనికి రాలేదు. లాగితే సాగింది. పిల్ల గట్టిగా పట్టుకుంటే ఒక లెక్క, మెల్లగా పట్టుకుంటే ఇంకో లెక్క. తల్లే దారి చూపింది. అట్టపెట్టెలకి బిగించే ప్లాస్టిక్ పట్టీ సాగదు. సన్నగా కోసి తెచ్చిచ్చింది. చెక్క అంచుకి గాడి తీసి అందులో పట్టీ కూర్చోబెట్టారు. మధ్యలో ఒక తిరిగే చెయ్యి బిగించారు. కోణం ఒక గీతకి చెక్క అడుగు ఆనించి, రెండో గీత మీదికి చెయ్యి తిప్పి, ఆ చెయ్యి పట్టీని తాకినచోట గోటితో నొక్కి పట్టుకుని, పట్టీని గాడిలోంచి లాగి, స్కేలు మీద పరిచి చదవాలి. మొదటిసారి అరచక్రం మొత్తం కొలిస్తే ముప్పై ఆరు మీద దాదాపు ఒక మిల్లీమీటరు ఎక్కువొచ్చింది. ఇంకొకరైతే పోనీలే అనుకుంటారు. ఈయన అన్నం సగంలో వదిలి కార్ఖానాకి పరిగెత్తాడు. పట్టీకి మందం ఉంది కదా, ఆ మందంలో సగం వ్యాసార్ధానికి కలిసింది. గాడిని వెంట్రుకవాసి లోతు చేశాక గానీ ఆయనకి ముద్ద దిగలేదు.

ఎందుకమ్మ రోజుకి నలభై కోణాలు కొలిచింది. వారం తిరిగేసరికి ఒక్కోటి నిమిషంలో చెప్పేది. తేడా ఒక డిగ్రీకి మించలేదు.

గడువుకి రెండు రోజుల ముందు ముగ్గురూ పరీక్షల ఆఫీసుకి వెళ్లారు. ఇనప బీరువాల మధ్య ఒక పెద్ద బల్ల, బల్ల వెనక అధికారి. మంచాయనే గానీ ఆ రోజు పని ఎక్కువగా ఉన్నట్టుంది. చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటి? దీనిమీద డిగ్రీలే లేవు" అన్నాడు.

"డిగ్రీలు నేను చెప్తాను సార్," అంది ఎందుకమ్మ.

ఉబ్బెత్తు గీతలతో కోణం ఉన్న దళసరి కాగితం ఇచ్చాడు. ఆ పిల్ల చెక్క ఆనించింది, చెయ్యి తిప్పింది, పట్టీ లాగింది, స్కేలు మీద వేళ్లు నడిపింది. "పన్నెండు సెంటీమీటర్లు, ఇంకో ముప్పావు పైన. అరవై నాలుగు సార్" అంది.

అధికారి సొరుగులోంచి తన ప్లాస్టిక్ ప్రొట్రాక్టర్ తీసి కాగితం మీద పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "నూట పదహారు. చాలా తేడా ఉందమ్మా."

తల్లి మొహం తెల్లబోయింది. గోడ పక్కన నిలబడ్డ మేస్త్రికి అంత దూరం నుంచే అర్థమైపోయింది. ప్రొట్రాక్టర్ మీద అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, ఒకటి కుడినుంచి, ఒకటి ఎడమనుంచి. అధికారి తొందరలో రెండో వరస చదివాడు. చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆఫీసులో, అందరి ముందు, మీరు తప్పు చదివారని ఎలా అంటాడు? ఆయనకి కోపం వస్తే పిల్ల చదువు గంగలో కలుస్తుంది.

"సార్," అంది ఎందుకమ్మ. బెదరలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఈ మూల సన్నగా ఉంది. నా వేలు లోపలికి సరిగా దూరడం లేదు. లంబకోణమైతే వేలు హాయిగా పడుతుంది. నూట పదహారైతే రెండు వేళ్లు పట్టాలి కదా. ఎందుకు పట్టడం లేదు సార్?"

అధికారి కాగితం వంక చూశాడు. ప్రొట్రాక్టర్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పక్క బల్ల గుమస్తా తల వంచుకుని ఫైల్లో నవ్వాడు.

"తప్పు మీది కాదండీ," అన్నాడు మేస్త్రి ముందుకొచ్చి. "దాని మీద రెండు వరసలు గీసింది నేనే. ముప్పై ఎనిమిదేళ్లుగా గీస్తున్నాను. దాంతో ఇలా తికమక పడేవాళ్లని చాలామందినే చూశాను."

అధికారి ప్రొట్రాక్టర్ని పక్కన పెట్టి, ఇంకో రెండు కాగితాలు ఇచ్చాడు. ఇరవై ఎనిమిది అంది, సరిగ్గా అంతే ఉంది. నూట నలభై మూడు అంది, ఈసారి ఆయన రెండుసార్లు చూసుకుని నూట నలభై రెండన్నాడు. "ఈసారి కూడా నాదే తప్పేమో" అని తనే నవ్వేశాడు. ముద్ర వేసి సంతకం పెట్టిన కాగితం తల్లి చేతికిచ్చాడు. ఈ విద్యార్థిని తన పరికరంతో అన్ని ప్రశ్నలూ రాయవచ్చునని అందులో ఉంది. తల్లి ఆ ఒక్క వాక్యాన్ని బస్సులో నాలుగుసార్లు చదివి వినిపించింది.

లెక్కల పరీక్ష రోజున మేస్త్రి పనికి సెలవు పెట్టాడు. యజమాని ఎందుకని అడగలేదు. పరీక్ష హాలు మెట్ల మీద మూడు గంటలు కూర్చున్నాడు. ఎదురుగా గేటు రెక్క ఎన్ని డిగ్రీలు తెరిచి ఉందో ఆయనకి ఇప్పటికీ తెలియదు, చూడలేదు. తల్లికి సెలవు దొరకలేదు, పని చూసుకుని వస్తానంది.

గంట కొట్టాక ఎందుకమ్మ తోటి పిల్ల భుజం పట్టుకుని, చంకలో చెక్కతో బయటికొచ్చింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"కోణాలు ఎన్ని వచ్చాయి?"

"అయిదు. అయిదూ కొలిచాను తాతా. నాలుగు సరిపోయాయి, ఇప్పుడే అందరితో పోల్చి చూసుకున్నాను. ఒకటి తప్పింది."

"ఎంత తప్పింది?"

"నాలుగు డిగ్రీలు. నలభై ఏడైతే నలభై మూడని రాశాను. చెయ్యి చెమట పట్టి పట్టీ జారింది. ఆ ప్రశ్నకి నాకు సున్నా వేస్తారు."

గాడి ఇంకాస్త బిగుతుగా తీయవలసింది, పట్టీ వెనక గరుకు పెట్టవలసింది, గోరుకి పట్టు ఉండేలా గంటు పెట్టవలసింది అని మేస్త్రి తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆ పిల్ల మొహం కేసి చూశాడు. ఆ మొహం వెలిగిపోతోంది.

"ఎనిమిదో తరగతి నుంచీ ఈ ప్రశ్నలు నాకు ఇవ్వలేదు తాతా. తప్పు రాయడానికి కూడా ఇవ్వలేదు," అంది.

మేస్త్రి చెక్క తను తీసుకుని, పిల్ల చేతిని తన మోచేతి మీద పెట్టుకుని గేటు వైపు నడిచాడు. బయట పిల్లల కోసం వచ్చినవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ, పని బట్టల్లోనే పరిగెత్తుకొస్తోంది తల్లి. "ఏమైందే, ఎలా రాశావే?" అని ఆవిడ గొంతు వినిపించగానే ఎందుకమ్మ మేస్త్రి చెయ్యి వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది.

"అమ్మా, నాకు ఒకటి తప్పు పోయింది!"

ఆ గొంతులో సంబరం విని, మాట సరిగా వినపడని వెనక వరసవాళ్లు, ఈ పిల్ల అన్నీ సరిగ్గా రాసేసిందనుకుని చప్పట్లు కొట్టారు.